దిల్షాద్ వెనక్కి చూసిన చోటు

గద్వాల చరిత్ర రాసిన పెద్దలు కోట గోడల మందం రాశారు, చీర అంచుల నేర్పు రాశారు, సంస్థానపు దానధర్మాలు రాశారు. చాంద్ తారా బ్రాస్ బ్యాండ్‌లో ట్రంపెట్ ఊదే దిల్షాద్, ప్రతి చరణం చివర ఎడమ భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూస్తాడన్న సంగతి మాత్రం ఒక్కరూ రాయలేదు. ఈ లోటు క్షమించరానిది. ఆ చూపుకు పెళ్లిగుర్రాలు బెదిరాయి. పెళ్లికొడుకులు తమ వెనకాల ఏదో జరుగుతోందనుకుని తామూ గిరుక్కున తిరిగి బాసికాలు జారవిడుచుకున్నారు. ఇరవై ఏళ్లుగా ఈ జిల్లాలో తీసిన ఏ పెళ్లి వీడియో అయినా వేసి చూడండి. ఊరంతా ముందుకు నడుస్తుంటే, ఎర్రకోటు తొడుక్కున్న ఒక్క మనిషి వెనక్కి చూస్తూ కనిపిస్తాడు. ఎప్పుడో తవ్వకాల్లో ఈ వీడియోలు బయటపడితే, అతను ఏ దిక్కుకు అధిదేవతో తేల్చుకోలేక పండితులు కొట్టుకుంటారు.

వారి శ్రమ తగ్గించడానికి కారణం ఇక్కడే నమోదు చేయడం ధర్మం. కారణం భయం.

అది ఇరవై ఏళ్ల కిందట అయిజలో మొదలైంది. మధ్యాహ్నం బరాత్. గుర్రం మీద పెళ్లికొడుకు, ముందు బ్యాండ్, బ్యాండ్‌కు ఇంకా ముందు దిల్షాద్. సందు మలుపు దగ్గరికి రాగానే పెళ్లికొడుకు మేనమామకు, అక్కడి ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టాలన్న విషయం గుర్తొచ్చింది. గుర్రంతో సహా అందరూ పక్కకు మళ్లారు. ఆ క్షణంలో దిల్షాద్ పైస్వరం పట్టి ఉన్నాడు. పైస్వరం పట్టినప్పుడు అతను కళ్లు మూసుకుంటాడు. అలాగే మూసుకుని, నిటారుగా, హుందాగా, ఒక్కడే నడుచుకుంటూ పోయాడు. వెనక డప్పుల మోత తగ్గుతున్నట్టు తెలిసింది. వాయించేవాళ్లు అలసిపోయారనుకుని, ఆ లోటు తానే పూడ్చాలని ఇంకా గట్టిగా ఊదాడు.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా షామియానా. కింద చాపల మీద మనుషులు. మధ్యలో తెల్లగుడ్డ కప్పిన శవం, దాని మీద బంతిపూలు.

బ్యాండు వాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. చావు జరిగిన ఇల్లు దూరాన కనబడగానే వాయిద్యాలు దించేసి, తలలు వంచి, ఆ ఇల్లు దాటేదాకా చప్పుడు లేకుండా నడవాలి. దాటాకే మళ్లీ ఎత్తుకోవాలి. స్వరాలు నేర్పకముందే గురువులు ఇది నేర్పుతారు. అలాంటివాడు, ఒక్కడే, శవం తలాపున నిలబడి పెళ్లివారు గంతులేసే పాట ఊదుతున్నాడు.

ఎవరూ కొట్టలేదు. తిట్టలేదు. కొట్టి ఉంటే వారం రోజుల్లో మానిపోయేది. చనిపోయిన మనిషి కొడుకు లేచి దగ్గరికి వచ్చి, ఇంటికి వచ్చిన చుట్టాన్ని అడిగినంత మెల్లగా అడిగాడు.

“ఎవరు పంపిన్రు నిన్ను?”

దిల్షాద్ పరిగెత్తాడు. ఇన్నేళ్లయినా జవాబు దొరకలేదు. ఆనాటి నుంచి అతను ఒంటరిగా ఉన్నప్పుడు ట్రంపెట్ నోటికి ఆనించడు. ఇంట్లో సాధన చేయాలన్నా వంటింట్లో భార్య జబీన్ ఉండాలి, ఉన్నట్టు గిన్నెల చప్పుడు వినబడుతుండాలి. గిన్నెలు ఆగితే సాధన ఆగుతుంది.

జబీన్ ఇంట్లో ఉర్దూ మాట్లాడుతుంది. మొగుణ్ణి అనవలసి వచ్చినప్పుడు మాత్రం తెలుగులోకి మారుతుంది, పక్కింటి నాగేంద్రమ్మకు కూడా అర్థం కావాలి కాబట్టి. “అజీ, ఇంత పెద్ద మనిషివి, నీ బూరకు నేను కావలి కాయాల్నా? గిన్నెలకు సొట్టలు పడుతున్నయి!” అంటుంది. అంటూనే ఒక గరిట తీసుకుని ఖాళీ గిన్నె మీద కొడుతూ కూర్చుంటుంది.

డీజే బండ్లు వచ్చాక బరాత్‌లు తగ్గాయి. ఇంకో అన్యాయం కూడా ఉంది. దాన్ని దిల్షాద్ ఎవరితోనూ అనలేదు. పెళ్లి వీడియో తయారుచేసేవాళ్లు బరాత్ దగ్గర అసలు శబ్దం తీసేసి సినిమా పాట వేస్తారు. అంటే అతను అన్ని వీడియోల్లోనూ ఉన్నాడు, ఒక్కదానిలోనూ వినబడడు. ముప్పై ఏళ్లు ఊదిన ఊపిరి అంతా రోడ్డు మీదే పోయింది.

అలాంటి మనిషి దగ్గరికి శ్రవణ్ కుమార్ వచ్చాడు. వనపర్తి కుర్రవాడు, ఇంజినీరింగ్ చదివి గిటారు పట్టుకున్నాడు. డ్రమ్స్ వాయించే రోజా, బేస్ గిటారు బాలరాజులతో కలిసి ‘ఎర్రబస్సు’ అనే బృందం పెట్టాడు. వాళ్లది స్కా పంక్ అనే సంగీతం. అందులో గిటారు తాళం మీద పడదు, తాళానికీ తాళానికీ మధ్య ఖాళీలో పడుతుంది. డ్రమ్స్ ఎవరో తరుముతున్నట్టు ఉరుకుతాయి. వాటి మీద ట్రంపెట్లు నవ్వుతాయి. మొదటి ఆల్బంలో ఆ నవ్వును కీబోర్డు మీద ఒక మీట నొక్కి తెప్పించారు. విన్నవాళ్లు పాటలు బాగున్నాయి గానీ ఆ నవ్వు ప్లాస్టిక్ నవ్వులా ఉందన్నారు. రెండో ఆల్బంలో నిజమైన ట్రంపెట్ ఉండాలని శ్రవణ్ పట్టుబట్టాడు.

గద్వాలలో దిల్షాద్ ఇంటి మిద్దె మీద రిహార్సల్ పెట్టారు. దిల్షాద్ వాళ్ల పాట విని తన తీర్పు చెప్పాడు.

“గిది మన బరాతే బేటా. జరం వచ్చి ఉరుకుతుంది, గంతే.”

“అంటే ఊదుతవా చాచా?”

“జరమొచ్చినోని యెంట ఎవరో ఒకరు ఉండాలె గద.”

ఆల్బంలో చివరి పాట పేరు ‘హోల్డాన్’. ఆర్టీసీ కండక్టరు బస్సు ఆపడానికి వేసే కేక అది. పాట మధ్యలో శ్రవణ్ “హోల్డాన్!” అని అరుస్తాడు. అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలోకి ట్రంపెట్ ఒక్కటే వచ్చి ఒక చరణం ఊదుతుంది. అప్పుడు “రైట్ రైట్!” అనగానే అందరూ మళ్లీ అందుకుంటారు. మిద్దె మీద దిల్షాద్ దీన్ని అద్భుతంగా ఊదాడు. వెనక రోజా ఉంది, పక్కన బాలరాజు ఉన్నాడు, పిట్టగోడ అవతల నాగేంద్రమ్మ వడియాలు మానేసి వింటోంది. అతను వెనక్కి చూసిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఉన్నారు.

స్టూడియోలో ఎవరి వంతు వాళ్లు విడిగా, ఒక్కొక్కరే లోపలికి వెళ్లి వాయిస్తారని అతనికి ఎవరూ చెప్పలేదు. అది చెప్పవలసిన సంగతి అని వాళ్లకు తోచలేదు.

బయలుదేరే రోజు శ్రవణ్ ఫోన్ చేసినప్పుడు మాటల్లో బయటపడింది. “బాలరాజు నిన్ననే తన ముక్క కొట్టేసి నాగర్‌కర్నూల్‌కు పరీక్ష రాయనీకి పోయిండు చాచా. రోజాది, నాది అయిపోయినయ్. ఇగ నీది ఒక్కటే. ఇయాల సాయంత్రానికి స్టూడియో ఖాళీ చెయ్యాలె.”

దిల్షాద్ ఫోన్ పెట్టేసి మంచం మీద కూర్చున్నాడు.

“ఏమైంది?” అంది జబీన్.

“ఒక్కణ్నే ఊదాల్నంట. అర్రల.”

జబీన్ తిట్టడానికి నోరు తెరిచి, అతని మొహం చూసి మూసుకుంది. తరువాత ఉర్దూలో, పక్కింటికి వినబడకుండా, పోనీ మానెయ్యమంది.

“మానేస్తే మళ్ల ఆ మీట నొక్కుతరు,” అన్నాడు దిల్షాద్.

“నొక్కనీ. నీకేం పోతది?”

అతను ట్రంపెట్ సంచి భుజాన వేసుకుని బస్సెక్కాడు. బీచుపల్లి వంతెన మీద ఒకసారి వెనక్కి చూశాడు. వెనక సీట్లో ఒక ముసలాయన నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఆ మాత్రానికే కొంత ధైర్యం వచ్చింది. పెబ్బేరులో ముసలాయన దిగిపోయాడు.

స్టూడియో వనపర్తిలో ఒక విత్తనాల దుకాణం పై అంతస్తులో ఉంది. కిటికీలు ఇటుకలతో మూసేసి, గోడలకు కోడిగుడ్ల అట్టలు, వాటి మీద పాత బొంతలు కొట్టారు. గుళ్లోకి వెళ్లినట్టు చెప్పులు బయట విడవాలి. లోపలి గదికీ బయటి గదికీ మధ్య ఒక అద్దం. అద్దం అవతల కంప్యూటర్ ముందు రికార్డింగ్ చేసే తిమ్మప్ప కూర్చుంటాడు. రాయచూరు వైపు మనిషి, సగం కన్నడం మాట్లాడతాడు. అతని దగ్గర ఇన్వర్టర్ ఉంది, బ్యాటరీ మాత్రం మరమ్మతుకు పోయింది. అది ఉండవలసిన చోట ప్రస్తుతం అగరుబత్తి వెలుగుతోంది.

“సాబ్, స్వల్ప ముందర నిలబడు. ఇంకా స్వల్ప. హా, సాకు సాకు, చాలు. ఇప్పుడు కదలొద్దు,” అని మైకు సరిచేసి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, తలుపు వేసి వెళ్లిపోయాడు.

తలుపు పడగానే లోకం పోయింది. దిల్షాద్ గొంతు సవరించుకున్నాడు. ఆ చప్పుడు నోటి ముందే ఇంకిపోయింది, ఇసుకలో నీళ్లు పోసినట్టు. గోడ నుంచి ఏమీ తిరిగి రాలేదు. ఇంత మెత్తటి నిశ్శబ్దం అతను జీవితంలో ఒక్కచోటే విన్నాడు. అక్కడ బంతిపూలు ఉన్నాయి.

హెడ్‌ఫోన్‌లో పాట మొదలైంది. గిటారు ఉరికింది, డ్రమ్స్ తరిమాయి. మొదటి భాగం ఎలాగో ఊదాడు. “హోల్డాన్!” అని శ్రవణ్ గొంతు వినబడింది. అన్నీ ఆగిపోయాయి.

దిల్షాద్ వెనక్కి తిరిగాడు.

వెనక బొంత ఉంది. దాని మీద ఎప్పటివో గులాబీపూలు వెలిసిపోయి ఉన్నాయి. ట్రంపెట్ మూతి మైకుకు బదులు ఆ గులాబీల వైపు తిరిగింది, హెడ్‌ఫోన్ తీగ మెడకు చుట్టుకుంది.

“సాబ్, గోడకు ఊదితే గోడ వింటది. మైకుకు ఊదు,” అన్నాడు తిమ్మప్ప హెడ్‌ఫోన్‌లో.

మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ “హోల్డాన్!” మళ్లీ బొంత. ఆ తరువాత వెనక్కి చూడకూడదని మెడ బిగించి నిలబడ్డాడు. మెడ మాట వింది గానీ పెదవి వినలేదు. ట్రంపెట్‌ను ఊపిరి పలికిస్తుందని లోకం అనుకుంటుంది. పలికించేది పెదవి. భయానికి పెదవి ఎండిపోయింది, ట్రంపెట్‌లోంచి ఉత్త గాలి వచ్చింది, ఎవరో నిట్టూర్చినట్టు. ఆ నిట్టూర్పు తనది కాదేమో అనిపించి దిల్షాద్ వెనక్కి చూశాడు.

అద్దం అవతల తిమ్మప్ప, శ్రవణ్, రోజాల మధ్య మాటలు మొదలయ్యాయి. వినబడవు గానీ మూతులు కదలడం కనబడుతుంది. తిమ్మప్ప చెయ్యి చాపి మూలనున్న కీబోర్డు చూపించాడు. దాని మీద చిన్న పచ్చలైటు వెలుగుతోంది. శ్రవణ్ తల అడ్డంగా ఊపాడు. తిమ్మప్ప గోడ గడియారం చూపించాడు. ఈసారి శ్రవణ్ తల ఊపలేదు.

దిల్షాద్‌కు ఊదడానికి భయం. ఊదకపోతే ఆ పచ్చలైటు ఊదుతుంది. దానికి వెనక ఎవరూ అక్కరలేదు.

తలుపు తెరుచుకుని రోజా లోపలికి వచ్చింది, చేతిలో నీళ్ల సీసాతో.

“చాచా, మెడ పట్టేసిందా?”

“ఔ బిడ్డా. బస్సుల గాలి కొట్టింది.”

“గాలి కొడితే మెడ తిరగదు. నీది గిర్రున తిరుగుతుంది. ఏం సూస్తున్నవ్ యెనక?”

అతను నీళ్లు తాగాడు. అయిజ సంగతి జబీన్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆ మెత్తటి గదిలో, ఎవరి చావుకో వచ్చినవాడిలా గొంతు తగ్గించి, మొత్తం చెప్పాడు. చనిపోయిన మనిషి కొడుకు అడిగిన మాట దగ్గరికి వచ్చేసరికి రోజా నవ్వుతుందని ఎదురుచూశాడు. రోజా నవ్వలేదు. బొంత వైపు తానూ ఒకసారి చూసింది.

“నువ్వట్ల సెప్తే నాకూ భయమైతుంది చాచా,” అని బయటికి వెళ్లి, శ్రవణ్‌ను చెయ్యి పట్టి లాక్కొచ్చింది. “మేమిద్దరం నీ యెనక నిలబడ్తం. ఊదు.”

“మనుషులుంటే శబ్దం కలుస్తది!” అని తిమ్మప్ప మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు.

ఇద్దరూ దిల్షాద్ వెనక నిలబడ్డారు. రికార్డింగ్ పాడవకూడదని ఊపిరి బిగబట్టి, చేతులు కట్టుకుని, తలలు కొంచెం వంచి నిలబడ్డారు. పాట వచ్చింది. “హోల్డాన్!” వచ్చింది. దిల్షాద్ వెనక్కి తిరిగాడు.

“అయ్యో, ఉన్నం గద చాచా!” అన్నాడు శ్రవణ్.

“ఉన్నరు బేటా. గాని గట్ల నిలబడితే ఎట్ల? గింత చప్పుడు లేకుంట మనుషులు ఒక్క కాడనే నిలబడతరు.”

శ్రవణ్ కట్టుకున్న చేతులు చటుక్కున విడిచేశాడు.

“మరి బరాత్ ఎట్ల నడుస్తది?” అంది రోజా.

“చెప్పులు. చెప్పుల చప్పుడు వస్తనే ఉంటది యెనక. గది వింటూ పోతం మేము.”

రోజా బయటికి పోయి అందరి చెప్పులూ తెచ్చింది. పవిత్రమైన ఆ గదిలోకి చెప్పులు రావడం చూసి తిమ్మప్ప అద్దం మీద అరచేత్తో కొట్టాడు. ఇద్దరూ తొడుక్కున్నారు. దిల్షాద్ కూడా తొడుక్కున్నాడు. హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపాడు. ముగ్గురూ ఉన్నచోటే అడుగులు వేయడం మొదలుపెట్టారు. చరచర, చరచర. అగరుబత్తి వాసనలో, బొంతల మధ్య, ఎక్కడికీ పోని బరాత్ ఒకటి బయలుదేరింది.

“ఒక్క మాట చాచా,” అంది రోజా వెనక నుంచి. “యెనక్కి సూడనని చెప్పు. మేం చెప్పులు ఆపం, నువ్వు సూడొద్దు.”

“సూడ.”

పాట వచ్చింది. “హోల్డాన్!” అన్నీ ఆగాయి. చెప్పులు ఆగలేదు.

దిల్షాద్ కళ్లు మూసుకుని పైస్వరం అందుకున్నాడు. పెదవి తడిగా ఉంది. స్వరం బయటికి వచ్చి నిలబడింది. ఆ మెత్తటి గది కూడా దాన్ని మింగలేకపోయింది. మొదటి పాదం అయింది, రెండోది అయింది. వెనక చరచర, చరచర. మూడో పాదం మధ్యలో చరచర ఆగింది.

అతనికి తెలిసింది. చూడనని మాట ఇచ్చాడు. ఊదుతూనే ఉన్నాడు. చరణం అయిపోయింది. ఇప్పుడు “రైట్ రైట్!” రావాలి. రాలేదు. డ్రమ్స్ రాలేదు, గిటారు రాలేదు. హెడ్‌ఫోన్‌లో ఏమీ లేదు. అందరూ సందు మళ్లిపోయారు. తాను ఒక్కడే నిటారుగా పోతున్నాడు. కళ్లు తెరిస్తే ఎదురుగా ఏముంటుందో అతనికి బాగా తెలుసు. అందుకని తెరవకుండా, చరణం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. తన చెప్పులు తనకే వినబడుతున్నాయి. ఊదాడు. ఊపిరి సగంలో ఇక చాలదనిపించి కళ్లు తెరిచాడు.

ఏమీ లేదు. గది లేదు, అద్దం లేదు, పచ్చలైటు లేదు. చిమ్మచీకటి.

ఎవరో అడగబోతున్నారు. మెల్లగా, దగ్గరికి వచ్చి. ఆ మాట వినబడకుండా ఉండటానికి అతనికి ఉన్న దారి ఒక్కటే. ఊదాడు. ఇంతవరకూ ఏ బరాత్‌లోనూ పట్టని పైస్వరం పట్టి, దాన్ని పట్టుకుని వేలాడాడు.

“ఆపకు చాచా,” అంది చీకట్లో రోజా గొంతు. “ఈడనే ఉన్నం. ఆపకు.”

చెప్పులు మళ్లీ మొదలయ్యాయి. చరచర, చరచర. దిల్షాద్ చీకటికి ఎదురుగా నిలబడి చరణం చివరిదాకా ఊదాడు, వెనక్కి తిరగలేదు. అతను ట్రంపెట్ దించాక కూడా వెనక చెప్పులు కొంతసేపు నడిచాయి. శ్రవణ్ ముక్కు ఎగబీల్చడం వినబడింది. జీవితంలో ఇంత బాగా ఊదలేదని దిల్షాద్‌కు తెలుసు, వెనక ఉన్న ఇద్దరికీ తెలుసు.

ఫోన్ లైటు వేసుకుని తిమ్మప్ప తలుపు తీశాడు.

“సాబ్, కరెంటు పోయింది,” అన్నాడు. “సగం చరణం దాకా ఎక్కింది. తర్వాత ఏం ఎక్కలేదు.”

ఎర్రబస్సు రెండో ఆల్బంలో ఉన్నది, కరెంటు వచ్చాక మళ్లీ ఊదింది. అందులో మూడో పాదం దగ్గర ట్రంపెట్ కొంచెం సన్నబడి మళ్లీ వస్తుంది. అక్కడ దిల్షాద్ వెనక్కి చూశాడు.